దర్జీ మెడ, తొలి ఇంటి గుమ్మం

లోకంలో పెద్ద వంశాలకు పెద్ద గుర్తులుంటాయి. ఒకరికి కత్తి, ఒకరికి పల్లకీ, ఏమీ లేనివాళ్లకు ఇత్తడి గిన్నె మీద చెక్కించుకున్న ఇంటిపేరైనా ఉంటుంది. మన దర్జీ వంశానికి మెడ ఉంది. ఆ వంశంలో పుట్టినవాళ్లెవరూ తల వంచకుండా గుమ్మం దాటిన దాఖలా లేదు. దర్జీ వంచుతాడు. ఆయన తండ్రి వంచేవాడు. తాత వంచేవాడని చూసినవాళ్లు చెప్పారు. చూడనివాళ్లు ఇంకా గట్టిగా చెప్పారు. రాజ్యాలు మారాయి, వీధి దీపాల్లో నూనె పోయి కరెంటు వచ్చింది, మట్టి బాట మీద తారు పడింది. ఆ మెడ మాత్రం గుమ్మం కనబడగానే వంగడం మానలేదు. చరిత్ర రాసేవాళ్లు యుద్ధాల మీద పెట్టిన శ్రద్ధలో పిసరంత దీని మీద పెట్టి ఉంటే బాగుండేది.

పోనీ ఆయన తాటిచెట్టంత మనిషా అంటే కాదు. పై అరలో దారపు ఉండ అందుకోవాలంటే ముక్కాలిపీట ఎక్కాలి. పోనీ గుమ్మం పొట్టిదా అంటే అదీ కాదు. నెత్తిన బిందె, బిందె మీద చెంబు పెట్టుకున్న మనిషి ఆ వీధి గుమ్మంలోంచి తొణక్కుండా రావచ్చు. అయినా వంగుతాడు. సొంత గుమ్మం దగ్గరే కాదు, బ్యాంకు దగ్గర, బడి దగ్గర, ఆసుపత్రి దగ్గర, బస్సు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు. ఒకసారి పెళ్లి విందుకు వేసిన డేరా ముందు, రెండు గుంజలు తప్ప మరేమీ లేనిచోట, ఆకాశం తగులుతుందేమో అన్నట్టు వంగి మరీ లోపలికెళ్లాడు.

అందుకే వీధిలో ఆయనకు 'వినయం' అని పేరు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ఆయన్ను చూసి నిజంగానే ఎంత వినయమో అనుకుంటారు. ఒక జత బట్టలు కుట్టడానికిచ్చాక ఆ అభిప్రాయం మారుతుంది. ఆయన కూతురు పొరుగూరు కాపురానికి వెళ్లిన కొత్తలో గుమ్మం గుమ్మానికీ తల వంచుతుంటే, ఆ అత్తగారు మురిసిపోయి "ఇంత అణకువ గల పిల్లను ఏడూళ్లలో చూడలేదు" అని చుట్టాలందరికీ చెప్పుకుంది. పిల్ల నోరు విప్పేసరికి, చెప్పిన మాట వెనక్కి తీసుకునే దారి లేకపోయింది.

ఈ మెడ ఇలా ఎందుకైందని అడిగితే దర్జీ తండ్రి నుంచి వచ్చిన సమాధానం ఒకటే ఉంది. "మాది ఈ ఊరి తొలి ఇల్లు. తొలి ఇంటి గుమ్మం పొట్టిది. గుమ్మాన్ని పెంచాం గానీ, మా మెడకు ఇంకా ఆ కబురు అందలేదు."

తొలి ఇల్లు సంగతి అందరికీ తెలిసిందే. పాత ఊరు ఏటి ఒడ్డున ఉండేది. ఒక వానాకాలం ఏరు తన దారి మార్చుకుని, ఊరి దారిలో నడిచింది. జనం మెట్ట మీదికి ఎక్కారు. అందరికంటే ముందు ఒక కుటుంబం పడవలో వచ్చి చేరింది. పడవ ఆగినచోటే ఇల్లు వేసుకుంది. కలప లేదు. ఉన్నదల్లా పడవ. ఇక ఏరు మొహం చూడబోమని ఒట్టు పెట్టుకుని, ఆ పడవను విప్పేసి, దాని చెక్కతోనే వీధి గుమ్మం చేయించుకున్నారు. పడవ చెక్క ఎంత పొడవుంటే గుమ్మం అంత ఎత్తు. అదీ పొట్టిదనానికి కారణం. ఆ తర్వాత వచ్చినవాళ్లు పక్కన ఒకరు, ఎదురుగా ఒకరు ఇళ్లు వేసుకుంటూ పోతే ఈ వీధి అయింది, వీధిని పట్టుకుని ఊరు అయింది. ఇంతవరకూ ఊళ్లో పేచీ లేదు. ఆ పడవ ఎక్కడ ఆగిందన్న దగ్గరే పేచీ.

దర్జీ ఇంటి ముందు గది దుకాణం. గుమ్మం పక్కన కుట్టు మిషను, దాని వెనక కత్తిరింపు బల్ల, బల్ల మీద సుద్దముక్కలు, దర్జీ మెడలో కొలతల టేపు. గుమ్మం లోపలివైపు, పై కమ్మీని అంటుకుని ఒక ఇనప కడ్డీ; దాని నిండా కుట్టి ఇస్త్రీ చేసిన చొక్కాలు, లాగులు నిలువునా వేలాడుతుంటాయి. కడ్డీ తాత వేయించింది. మిషను తండ్రి కొన్నది. ఆలస్యం దర్జీ సొంత సంపాదన. "రేపు వచ్చెయ్యి, చేతిలో పెడతా" అంటాడు. అబద్ధం చెప్పాలని కాదు. చెప్పేటప్పుడు నిజంగానే రేపు ఇద్దామనుకుంటాడు. రేపటికి ఉన్న దోషమేమిటంటే, అది తెల్లారేసరికి ఇవాళ అయి కూర్చుంటుంది.

ఆయన భార్య మధ్య గదిలో కూర్చుని కాజాలు కుడుతుంది, గుండీలు వేస్తుంది. ఆమె రాకపోకలన్నీ పక్క సందు తలుపులోంచే. దుకాణం గుమ్మంతో ఆమెకు పని లేదు. కాబట్టి ఆమె మెడ నిటారుగానే ఉంది, మాట కూడా.

వీధికి అవతల, సరిగ్గా ఎదురుగా, ఫోటో స్టూడియో. అది ఆమె పుట్టిల్లు. దర్జీకి స్వయానా మేనత్త ఇల్లు కూడా. ఈ రెండిళ్ల మధ్య పిల్లను ఇవ్వడం, పుచ్చుకోవడం ఎప్పటి నుంచో ఉంది. పెళ్లయిన ఆడపిల్ల వీధి దాటితే అత్తారిల్లు, అలిగి మళ్లీ దాటితే పుట్టిల్లు. ఇప్పుడు అందులో ఉండేది ఆమె తమ్ముడు. పొడగరి. ఊరంతా 'ఫ్లాష్' అంటారు, ఫోటో తీసేముందు "ఒక్కసారి నవ్వండి" అని అతను కేక వేస్తే పసిపిల్లలు ఏడుపందుకుంటారు. అతనూ ఇంటి ముందు గదిలోనే వ్యాపారం పెట్టుకున్నాడు. వెనక ఒక చీకటి గది ఉంది. పూర్వం ఫోటోలు అందులో కడిగేవారు. వెలుగు చొరకూడదని గోడలకీ, తలుపుకీ, గుమ్మానికీ వాళ్ల నాన్న నల్ల రంగు పూసిపెట్టాడు, అది చాలదని మీద మళ్లీ పూశాడు. ఆ గది గుమ్మం మాత్రం పొట్టిది. ఫ్లాష్ దానికి తరచూ నుదురు సమర్పించుకుంటూ ఉంటాడు.

బావా బావమరుదులు పొద్దున్నే షట్టర్లు ఎత్తగానే మొదలుపెడతారు.

"ఏం బావా, ఇవాళైనా ఎవరి లాగైనా వాళ్లకి ఇస్తావా, లేక కడ్డీ మీదే మాగబెడతావా?"

"నువ్వు తీసిన ఫోటో చూసి బ్యాంకువాడు నువ్వెవరని అడిగాట్ట మన కిరాణా ఆయన్ని. ముందు ఆ సంగతి చూసుకోరా."

"అక్కా, నీ మొగుడికి ఈ పొగరెక్కడిదే? గుమ్మం దగ్గర తప్ప ఇంకెక్కడా వంగడు!"

"మీ ఇద్దరి నోళ్లకీ కాజాలు కుట్టి గుండీలు వేస్తాను, ఉండండి" అని మధ్య గదిలోంచి జవాబొస్తుంది. అంతటితో ఆ రోజు వ్యాపారం శాస్త్రోక్తంగా మొదలైనట్టు.

ఇలా నడుస్తున్న వీధిలోకి ఒకరోజు రోడ్లవాళ్లు వచ్చారు. ఇటొక గీత, అటొక గీత ఎర్ర రంగుతో గోడల మీద గీశారు. లారీలు పట్టడం లేదట, రోడ్డు వెడల్పు చెయ్యాలట. ఇటు ఇళ్ల ముందు గదులు కొడతారో, అటు ఇళ్లవి కొడతారో ఇంకా తేలలేదు. ఏదో ఒకవైపే కొడతారు, రెండువైపులా కొడితే రోడ్డు మరీ బాగుపడుతుంది. దర్జీ గోడ మీది గీత మిషను పక్కనుంచి, కత్తిరింపు బల్ల మీదుగా పోతోంది. గీతకు అవతల మిగిలేది మధ్య గది, అందులో కాజాలు. అంటే దుకాణం లేదు. కొత్త బజారులో గది తీసుకోవచ్చు కదా అని ఎవరో సలహా ఇచ్చారు. కొత్త బజారు గదులకు అద్దాల తలుపులుంటాయి. అందులో కూర్చునే కుర్రవాళ్లు రేపు ఇస్తామని రేపే ఇచ్చేస్తారు. ఆ లోకంలో మన దర్జీకి చోటు లేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు.

ఆ గీతలు ఆరకముందే రెండో వార్త వచ్చింది. పాత కట్టడాల శాఖవారు ఈ చుట్టుపక్కల ఊళ్లన్నింటిలో పాత ఇళ్లు చూసుకుంటూ వస్తున్నారట. ఊరు ఎలా వెలిసిందో చెప్పే ఇల్లు ఏదైనా ఉంటే దాన్ని కాపాడతారట; కాపాడిన ఇంటి గోడను రోడ్లవాళ్లు తాకకూడదట.

చూడబోతే ఆ శాఖ చూస్తున్న ఇళ్లు అన్నీ ఇన్నీ కావు. ఒక ఊళ్లో ఎప్పుడో ఒక పెద్ద అధికారి ఒక రాత్రి బస చేసిన ఇల్లుంది. ఆయన జ్వరం వచ్చి పడుకున్నాడని, పోతూ పోతూ దుప్పటి కూడా పట్టుకుపోయాడని ఇంటివాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఇంకో ఊళ్లో మోచేయంత మందం గోడల గాదె ఇల్లుంది; ధాన్యం ఎప్పుడో పోయింది, ఎలుకలు మాత్రం తరతరాలుగా కాపురం ఉంటున్నాయి. ఇంకోచోట అన్నదమ్ములు ఇల్లు పంచుకుని నడిమధ్య గోడ లేపేసరికి, ఒక కిటికీ అటు సగం ఇటు సగం పడింది. ఆ రెక్క తెరవాలంటే ఇద్దరూ మాట్లాడుకోవాలి. మాట్లాడుకోరు గనుక మూసే ఉంది. ఇవన్నీ చరిత్ర కిందికి వచ్చాయంటే, పడవ ఆగిన ఇల్లు రాకుండా ఎక్కడికి పోతుంది?

ఇక్కడే చిక్కంతా. ఆ వీధిలో అంత పాత ఇళ్లు మిగిలినవి రెండే. ఒకటి దర్జీది, ఒకటి ఫ్లాష్‌ది. ఇది తొలి ఇల్లయితే రోడ్డు అటు జరుగుతుంది, స్టూడియో పోతుంది. అది తొలి ఇల్లయితే రోడ్డు ఇటు జరుగుతుంది, దుకాణం పోతుంది.

మర్నాటి పొద్దున షట్టర్లు లేచాయి గానీ మాటలు లేవలేదు. వీధికి అదే మొదటిసారి. పక్కింటి కిరాణా ఆయన బయటికొచ్చి, ఏమైనా జరగరానిది జరిగిందేమోనని రెండువైపులా తొంగి చూసి లోపలికెళ్లాడు. సాయంత్రం దర్జీ భార్య గిన్నెలో కూర పెట్టుకుని వీధి దాటబోతే దర్జీ అడ్డుపడ్డాడు.

"ఎక్కడికి?"

"మా తమ్ముడింటికి."

"రేపో మాపో మన కొట్టు కొట్టించేవాడికి కూరొకటా?"

"వాడేం కొట్టిస్తున్నాడా? వాడి గీత వాడి గోడ మీదుంది, మీ గీత మీ గోడ మీదుంది. ఇటు పోతే నా మెట్టినిల్లు, అటు పోతే నా పుట్టిల్లు. మీ ఇద్దరిలో ఎవరు గెలిచినా ఓడేది నేనే. కూర చల్లారిపోతోంది, జరగండి."

ఆయన జరిగాడు. అవతల తమ్ముడు గిన్నె అందుకుని "బావ పంపాడా?" అని అడిగాడు. "పంపలేదు, ఆపలేదు" అంది. వాడు కూర తిన్నాడు, గిన్నె మాత్రం కడిగి పంపించాడు. మామూలుగా అయితే కడగడు. అంత దూరం వచ్చింది వ్యవహారం.

పాత కట్టడాల శాఖ నుంచి వచ్చింది ఒక ఆవిడ. వీధివాళ్లు ఆమెకు పాత ఇళ్ల మేడం అని పేరు పెట్టుకున్నారు. నెమ్మది మనిషి. ఎవరేం చెప్పినా తల ఊపుతుంది. ఆ ఊపుడులో ఔనన్నదో కాదన్నదో తెలియదు.

ఆమె వచ్చే పొద్దున దర్జీ దుకాణం ఊడ్పించాడు. సుద్దముక్కలన్నీ ఒక డబ్బాలో పోశాడు. చరిత్రాత్మకమైన ఇంట్లో ఎవరివో లాగులు ఎదురు రావడం మర్యాద కాదని భార్య చెప్పిన మీదట, కడ్డీ మీది బట్టలన్నీ తీసి లోపలి గదిలో మంచం మీద పేర్చాడు. గుమ్మం బోసిగా, విశాలంగా, రాచవాకిలిలా కనబడింది.

"రండి మేడం" అని దర్జీ ముందు నడిచాడు. గుమ్మం దగ్గర వంగాడు.

మేడం ఆగింది. పైకి చూసింది. ఖాళీ గుమ్మం, ఆయన తలకీ కమ్మీకీ మధ్య ఇంకో దర్జీ పట్టేంత జాగా.

"ఇప్పుడు మీరు ఎందుకు వంగారు?"

"వంగానా?" అన్నాడు దర్జీ.

అది నటన కాదు. ఆమె ఆయన్ను బయటికి వెళ్లి మళ్లీ రమ్మంది. వంగాడు. చేతిలో మిషను నూనె డబ్బా పెట్టి రమ్మంది. డబ్బాతో సహా వంగాడు. పక్క సందు తలుపు దగ్గర వంగాడు. పక్కింటి కిరాణా కొట్టు దగ్గర వంగాడు. అప్పుడు దర్జీ గొంతు సవరించుకుని తండ్రి మాట చెప్పాడు: గుమ్మం పెరిగింది, మెడకు కబురు అందలేదు. మేడం చాలాసేపు తల ఊపింది. ఈసారి ఆ ఊపుడు ఔనన్నట్టే ఉందని వీధి మొత్తం తీర్మానించింది.

ఫ్లాష్ అరుగు మీదనుంచి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఇక ఆగలేక వీధి దాటి వచ్చాడు.

"మేడం, మెడలు సాక్ష్యం చెబుతుంటే నా నుదురు ఊరుకుంటుందా? ఇదిగో, చూడండి మచ్చ. మా ఇంట్లో పొట్టి గుమ్మం నిజంగా ఉంది. ఈయన గాలికి వంగుతున్నాడు. నేను చెక్కకి కొట్టుకుంటున్నాను. ఏది గట్టి సాక్ష్యమో మీరే చెప్పండి."

"తల ఉన్నవాడు వంగుతాడు, లేనివాడు కొట్టుకుంటాడు" అన్నాడు దర్జీ, గోడకు చెబుతున్నట్టు. ఎర్ర గీత పడ్డాక బావమరిదికి వినబడేలా ఆయన అన్న మొదటి మాట అది. ఫ్లాష్ ముఖంలో ఒక్క క్షణం పాత వెలుగు వచ్చి, పోయింది.

అందరూ స్టూడియోలోకి నడిచారు. చీకటి గది గుమ్మం ముందు మేడం మోకాళ్ల మీద కూర్చుని, ఒక చిన్న కత్తితో నల్ల రంగు గీకింది. ఒక పొర కింద ఇంకో పొర, దాని కింద ఇంకోటి. చివరికి చెక్క కనబడింది. తిన్నని చెక్క కాదు. ఒకవైపుకి కాస్త వంపు తిరిగి ఉంది. ఆ వంపు పొడవునా వరసగా మేకుల చిల్లులు, గుమ్మానికి ఏ పనికీ రాని చిల్లులు.

"పడవ చెక్క" అంది మేడం.

ఆ మాటతో ఫ్లాష్ గాల్లోకి ఎగిరాడు. దిగేటప్పుడు గుమ్మానికి నుదురు కొట్టుకున్నాడు, అయినా నవ్వుతూనే ఉన్నాడు. "మా నాన్న రంగు పూసి దాచాడే! పడవ మా ఇంటి ముందే ఆగింది! అక్కా, విన్నావా?"

అక్క గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. విన్నది. మొగుడి వంక చూసింది.  దర్జీ మెడలో టేపు రెండు కొసలూ పట్టుకుని, దాన్ని ఒకసారి అటూ ఒకసారి ఇటూ లాగుతున్నాడు. ఆ టేపు వేసుకుని కూర్చోవడానికి ఇక చోటుండదన్న సంగతి ఆ ముఖంలో ఎవరైనా చదవచ్చు.

మేడం మాత్రం లేవలేదు. గుమ్మం చుట్టూ గోడ తట్టి చూసింది. "చెక్క పాతదే. కానీ ఈ గోడ అంత పాతది కాదు. పైగా చూడండి, చెక్కడం లోపలివైపుకి ఉంది. వీధి గుమ్మానికి చేసిన పువ్వుల చెక్కడాన్ని చీకటి గదిలోకి తిప్పి ఎవరు పెట్టుకుంటారు? ఈ గుమ్మం ఇంకెక్కడి నుంచో వచ్చింది."

ఆ మాట నిజమే కావడానికి వీలుంది. ఆ చుట్టుపక్కల వడ్రంగులకు ఒక పద్ధతి ఉంది: ఇల్లు విప్పితే ఇటుక పారేస్తారు, పెంకు పారేస్తారు, గుమ్మం పారెయ్యరు. వీధి గుమ్మం పాతదైతే పెరటి గుమ్మం అవుతుంది, పెరటిదీ అరిగితే పశువుల కొట్టానికి పోతుంది. ఒక్కో గుమ్మం మనిషి కంటే ఎక్కువ ఇళ్లు మారుతుంది. కాబట్టి ఈ గుమ్మం ఏ ఇంటిదో తేల్చాలంటే, అది ఊడొచ్చిన కంత ఏ గోడలో ఉందో చూడాలి.

మళ్లీ అందరూ వీధి దాటారు. దర్జీ ఇంటి వీధి గుమ్మం పక్కన మేడం ఇంత సున్నం రాల్చి చూసింది. లోపల పాత ఇటుక ఒక రకం, గుమ్మం చుట్టూ అతికిన ఇటుక ఇంకో రకం. ఎప్పుడో ఉన్న పొట్టి గుమ్మం తీసేసి ఎత్తైనది పెట్టినట్టు గోడలో పాత అంచు స్పష్టంగా తెలుస్తోంది. ఇక మిగిలింది కొలత. గోడలో పాత కంత వెడల్పూ, చీకటి గది గుమ్మం వెడల్పూ ఒకటే అయితే విషయం తేలిపోయినట్టు. కాకపోతే అదీ తేలిపోయినట్టే.

మేడం సంచీ వెతికింది. కొలత టేపు జీపులో ఉంది, జీపు డ్రైవరుతో పాటు టిఫినుకి వెళ్లింది.

"టేపుకేం కొదవ మేడం" అన్నాడు దర్జీ. మెడలోంచి టేపు తీశాడు. గోడలో కంత తనే కొలిచాడు, అంకె గట్టిగా చదివాడు, ఆమె రాసుకుంది. అందరూ వీధి దాటి చీకటి గదికి వచ్చారు. పడవ గుమ్మం తనే కొలిచాడు, అంకె గట్టిగా చదివాడు, ఆమె రాసుకుంది. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసింది.

కలవలేదు. గుమ్మమే పెద్దది. గోడలో కంత కంటే గుమ్మం పెద్దదైతే అది ఆ గోడదెలా అవుతుంది?

"అయితే ఇది మీ ఇంటి గుమ్మం కాదండీ" అంది మేడం. ఆమె గొంతులో నిజంగానే విచారం ఉంది. "కొద్దిలో తప్పింది."

దర్జీ టేపు మడిచి మెడలో వేసుకున్నాడు. తన చేత్తో తనే కొలిచి తెచ్చుకున్న తీర్పు, ఎవరిని అనడానికీ లేదు. ఫ్లాష్ నవ్వు కూడా ఆరిపోయింది. బావ ఓడిపోవాలని కోరుకున్నాడు గానీ, ఓడిన బావ ఎలా ఉంటాడో అంతకు ముందు చూడలేదు. "పోనీలే బావా..." అని ఏదో అనబోయాడు.

"ఏమండీ" అంది దర్జీ భార్య, గుమ్మం దగ్గర్నుంచి. "లూజు కలిపారా?"

దర్జీ ఆమె వంక చూశాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు. "కలపకుండా ఎలా చెబుతాను?"

"గోడకి కూడా కలిపారా?"

"గోడకెందుకు కలుపుతానే? గోడ కదలదు. గుమ్మమంటే తలుపు ఆడాలా వద్దా? బిగుతుగా చెబితే రేపు ఎవరికి మాట?"

మేడం తను రాసుకున్న రెండు అంకెల వంక మళ్లీ చూసుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది: "లూజంటే?"

"ఆయన ఒంటి కొలత తీసుకుంటే ఉన్నది ఉన్నట్టు చెప్పరండీ" అంది భార్య. "కాస్త వదులు కలిపే చెబుతారు. నేను పక్కన కూర్చుని రాసుకుంటాను కదా, నాకు తెలుసు. చేతికి అలవాటు. ఒకసారి మా అమ్మాయి పెళ్లికి వంటవాళ్లతో జనం లెక్క చెప్పమంటే దానికీ కలిపారు."

ఈసారి టేపు ఫ్లాష్ లాక్కున్నాడు. తనే వంగి, తల తగలకుండా జాగ్రత్తపడుతూ కొలిచాడు. అంకె చదివే ముందు ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో అతనికి అర్థమైన సంగతి ఏమిటంటే, అంకె కలిస్తే తొలి ఇల్లు బావది అవుతుంది. కలవకపోతే ఈ గుమ్మం ఎవరిదో తేలని గుమ్మమై మిగులుతుంది, రోడ్డు అప్పుడెటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. అక్క వంక చూశాడు.  అంకె ఉన్నది ఉన్నట్టు చదివాడు.

కలిసింది, వెంట్రుకవాసి తేడా లేకుండా.

"మీ మేనత్త అటు కాపురానికి వెళ్లిన రోజుల్లోనే మీ తాత ఇక్కడ గుమ్మం ఎత్తించి ఉంటాడు" అంది మేడం దర్జీతో. "అవతల వెనక గది కడుతుంటే ఈ పాత గుమ్మం వాళ్లకి పనికొచ్చింది."

"అంటే మా అమ్మతో పాటు గుమ్మాన్ని కూడా మాకిచ్చారన్నమాట" అన్నాడు ఫ్లాష్. తర్వాత ఆలోచించుకుని, భయం భయంగా అడిగాడు. "అయితే మేడం, ఇల్లు ఆయనది, గుమ్మం నాది. ఇప్పుడు రోడ్డు ఎటు?"

మేడం తల ఊపింది. ఎవరికీ అర్థం కాలేదు. జీపు వచ్చాక ఎక్కి వెళ్లిపోయింది.

ఆమె రాసింది ఏమిటో కొన్నాళ్లకు తెలిసింది. తొలి ఇంటి గోడ వీధికి ఇవతల ఉంది, తొలి ఇంటి గుమ్మం వీధికి అవతల ఉంది. ఒకటి పోతే రెండోదానికి అర్థం లేదు గనుక రెండూ ఒకే ఇల్లుగా లెక్క. ఒకే ఇంటి మధ్య నుంచి రోడ్డు ఉంది, ఉండనివ్వండి, దాన్ని పెంచడానికి మాత్రం వీల్లేదు. రోడ్లవాళ్లు వచ్చి రెండువైపులా గీతల మీద సున్నం కొట్టారు. లారీలను ఊరి వెలుపలి నుంచి తిప్పారు. వీధి చివర ఒక బాణం గుర్తు బోర్డు పాతి, ఇకనుంచి బళ్లు ఒకే దిక్కుకి పోవాలన్నారు. ఎద్దులు, సైకిళ్లు, కిరాణా ఆయన ఆ బోర్డును ఇంకా గుర్తించలేదు.

షట్టర్లతో పాటు మళ్లీ మాటలూ లేచాయి.

"బావా, గుమ్మం నాది, కంత నీది. మర్చిపోకు."

"కంత ఉన్నవాడికి గుమ్మం ఎప్పుడైనా దొరుకుతుందిరా. గుమ్మం ఒక్కటే ఉన్నవాడు దాన్ని నెత్తికి కొట్టుకోవాలి."

గిన్నె మళ్లీ కడక్కుండానే తిరిగొస్తోంది.

శాఖవారు చుట్టుపక్కల పాత ఇళ్ల మీద ఒక చిన్న పుస్తకం వేశారు. అందులో దుప్పటి పోయిన ఇల్లుంది, ఎలుకల గాదె ఉంది, తెరవని కిటికీ ఉంది. దర్జీ ఇంటికి ఒక పేజీ ఇచ్చారు. గోడ గురించి, పడవ గురించి రాశాక, చివరన ఇలా ఉంది: 'ఈ ఇంటి గుమ్మాన్ని ఎత్తు చేసి తరాలు గడిచినా, ఇంటివారు నేటికీ దాన్ని దాటేటప్పుడు తల వంచుతారు. తమ తొలి ఇంటి పొట్టి గుమ్మాన్ని కళ్లు మరిచినా ఒళ్లు మరవలేదు.' దర్జీ ఆ పేజీని పటం కట్టించి మిషను పైన వేలాడదీశాడు. బట్టలు ఆలస్యమైందని ఎవరైనా గట్టిగా అంటే దానివైపు చెయ్యి చూపిస్తాడు. తరాల లెక్కన చూస్తే నాలుగు రోజులు పెద్ద ఆలస్యం కాదని ఆయన భావం.

కాపాడిన ఇల్లన్నాక కొన్ని షరతులుంటాయి. వాటిలో ఒకటి, వీధి గుమ్మానికి మేకులు కొట్టకూడదు, ఏమీ వేలాడదీయకూడదు. అందుకని కడ్డీ ఊడదీసి బట్టలతో సహా వెనక గోడకు మార్చారు. దాన్ని పెద్ద విషయంగా ఎవరూ అనుకోలేదు.

ఎండాకాలం పోయి వానలు మొదలయ్యేవేళకి, మేడం ఒక కాలేజీ పిల్లల గుంపును వెంటబెట్టుకుని వచ్చింది. ఊళ్లు ఎలా వెలుస్తాయో చూపించడానికి. పడవ గుమ్మం చూపించింది, గోడలో పాత అంచు చూపించింది. "ఇక పుస్తకంలో చదివారు కదా, అది కూడా చూడండి" అని అందరినీ వీధిలో నిలబెట్టింది. ఫ్లాష్ కెమెరా పట్టుకుని ఎదురుగా తయారుగా నిలబడ్డాడు. దర్జీ అప్పుడే దారాలు కొనుక్కుని బజారు నుంచి వస్తున్నాడు. అంతమందిని చూసి చొక్కా సర్దుకుని, హుందాగా మెట్లెక్కి, గుమ్మం దాటి తిన్నగా లోపలికి వెళ్లిపోయాడు.

ఫ్లాష్ కెమెరా దించాడు.

"అదేంటి బావా! వంగలేదేం?"

"వంగడానికి ఏముందిరా ఇక్కడ, మొహానికి తగలడానికి?" అన్నాడు దర్జీ లోపల్నుంచి.

అని, ఆగి, వెనక్కి తిరిగి గుమ్మం పైకి చూశాడు. అందరూ చూశారు. కమ్మీ కింద, కడ్డీ ఉండేచోట, ఆ చివర ఒకటీ ఈ చివర ఒకటీ, రెండు చిల్లులకు సున్నం పూసి ఉంది.